కిందికి దిగడానికి టోకెన్

హాయిస్ట్ నడపడం నేర్చుకోవడానికి నాలుగు రోజులు చాలు. పిడి ఒకవైపు తిప్పితే పైకి, ఇంకోవైపు తిప్పితే కిందికి, వదిలేస్తే ఆగుతుంది. మిగతాది ఒక పూట క్లాసులో చెప్పి, చిన్న పరీక్ష పెట్టి, కార్డు చేతికిస్తారు. ఆ కార్డు మెడలో వేసుకుని వస్తున్న కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్లాసులో చెప్పని సంగతి ఒకటుంది. అది తెలియడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది, అదీ నా తప్పు వల్ల.

హాయిస్ట్ ఎరుగనివారికి ఒక మాట. కడుతున్న టవర్ బయటి గోడ వెంట రంపంలా పళ్లున్న పట్టా పట్టుకుని ఎక్కి దిగే ఇనుప బోను అది. మనవాళ్లు లిఫ్టనే అంటారు. మనుషులు, సిమెంటు బస్తాలు, ప్లైవుడ్డు, పెయింటు డబ్బాలు అన్నీ దాంట్లోనే పోవాలి. బోను తలుపు తీసేదీ వేసేదీ ఆపరేటరు. అంటే నలభై అంతస్తుల మీద పనిచేసే మనిషి నేల మీద కాలు పెట్టాలంటే మన చెయ్యి కదలాలి. మామూలు ఉద్యోగం అనుకుని చేరతాం గానీ, ఇంత అధికారం ఏ ముదీర్‌కూ, అంటే ఏ మేనేజరుకూ లేదు.

బోనులో చదువు

మాది జగిత్యాల దిక్కు పల్లె. నాలుగో తరగతిలో బడి మానేశాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు నేర్పింది ఎంత బరువు ఎక్కించొచ్చో రాసి హాయిస్ట్ లోపల బిగించిన పలక. దాని మీద ఏం రాసుందో చెప్పమని గ్యాంగు పెద్దగా ఉన్న ఒక మలయాళీ చార్జ్‌హ్యాండ్‌ను పది రోజులు బతిమాలాను. తర్వాత అన్నం కింద పరిచిన పేపర్లు చదివాను. ఒక ఇంజినీరు గది ఖాళీ చేస్తూ పారేసిన అట్టపెట్టెడు పుస్తకాలు నా మంచం కిందికి చేరాక ఇక ఆగలేదు. బోను కింద ఆగి ఉన్నప్పుడు, గంట మోగేదాకా నన్ను పలకరించేవాడు ఉండడు. చదువుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు.

ఆ పెట్టెలో అమెరికా గురించి బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. నూరేళ్ల కిందట ఎక్కడెక్కడి దేశాల నుంచో ఓడలెక్కి వచ్చినవాళ్లు అక్కడ ఉక్కు కరిగించారు, గనులు తవ్వారు, ఆకాశమంత మిద్దెలు లేపారు. కుట్టు కార్ఖానాల్లో పనివేళ ఆడపిల్లలు బయటికి పోకుండా తలుపులకు తాళాలు వేసేవారట. కోపం వచ్చి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. తాళం వేయించిన యజమానుల సంగతి అందులో ఉంది. తాళంచెవి జేబులో వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డవాడి సంగతి మాత్రం ఎక్కడా లేదు. వాడూ ఓడలో వచ్చినవాడే అయి ఉంటాడు. దుబాయ్‌లో ఆ పని నేను చేశాను కాబట్టి వాడి గురించి నాకు తెలుసు.

నీళ్లు మింగకపోవడం

టవర్ సైట్లలో మరుగుదొడ్లు నేల మీద ఉంటాయి. నేను పనిచేసిన ప్రతి చోటా అంతే. నీళ్లకు లోటు లేదు. ఐసు వేసిన క్యాన్లు ప్రతి అంతస్తుకూ నేనే చేర్చేవాణ్ని. సాయంత్రం చాలా క్యాన్లు సగానికి పైగా నిండుగానే దిగేవి. ఏళ్ల తరబడి వాటిని మోసిన నాకు, ఎందుకు నిండుగా ఉన్నాయన్న ఆలోచన రాలేదు.

తాగితే వస్తుంది. వస్తే దిగాలి. దిగాలంటే హాయిస్ట్ కోసం నిలబడాలి, పోయి రావడానికి అరగంట, పైన ఫోర్‌మన్ గడియారం చూస్తుంటాడు. అందుకని మన ఉత్తర తెలంగాణ రాడ్డు గ్యాంగుల్లో ఒక పద్ధతి పుట్టింది. కొత్తవాడికి పాతవాడు నేర్పే మొదటి పాఠం ఇది:

"పొద్దుగాల చాయ్ తాగినవా?"

"తాగిన."

"గంతే ఇగ. పగటిబువ్వ దాక నోరు తడుపుకో, ఊంచెయ్యి. మింగకు."

పుక్కిలించి ఉమ్మేయడం. దాన్ని వాళ్లు కష్టం అనుకోలేదు, నేర్పు అనుకున్నారు. ఎవరు ఎక్కువసేపు ఉండగలరని పందేలు కాసుకునేవారు. ఆ పందెంలో ఎప్పుడూ గెలిచేవాడు పోశెట్టి. మెట్‌పల్లి పక్క ఊరివాడు, నలభై ఐదేళ్ల మనిషి, రాడ్లు కట్టడంలో అతని చేయి చూసి తీరాలి.

"ఒంటె గూడ దిగుతదేమో గని పోశెట్టన్న దిగడు," అని గ్యాంగు అంతా నవ్వేది.

"ఒంటెకు కఫీల్ ఉన్నడార, భయపడనీకి?" అనేవాడు పోశెట్టి. వీసా ఇచ్చిన యజమానే కఫీల్.

నేనూ నవ్వేవాణ్ని. అది నవ్వాల్సిన మాట కాదని ఇప్పుడు చెబుతున్నాను.

నా తెలివి

రెండువేల ఇరవైలో కరోనా వచ్చింది. సైటు ఆగలేదు. ఇరవై మంది పట్టే బోనులో నలుగురికి మించి ఎక్కించొద్దన్నారు. నేల మీద నాలుగు మూలలా పసుపు రంగు పాదాల గుర్తులు అతికించారు. పొద్దున ఆరింటికి మొదలైన వరుస ఎనిమిదైనా తరిగేది కాదు. మధ్యలో ఎవరైనా దిగాలంటే మెటీరియల్ ఆపాలి. తోపులాటలు, తిట్లు. ఒకరోజు ఇద్దరు బిహారీలు నా తలుపు దగ్గరే కొట్టుకున్నారు.

మా ఫోర్‌మన్ సత్తిబాబు. అమలాపురం దగ్గరివాడు. "ఏదో ఒకటి ఆలోచించండి ఎల్లయ్యగారూ, మీరు చదువుకుంటారు కదా," అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ప్లైవుడ్డు ముక్కలు అరచేతిలో పట్టేంత కోసి, నీలం రంగు వేసి, అంతస్తు నంబరు రాసి, గ్యాంగుకు రెండు చొప్పున పంచాను. టోకెన్ చేతిలో ఉన్నవాడు దిగొచ్చు, తిరిగి వచ్చాక ఇంకొకడికి ఇవ్వాలి. పది రోజుల్లో తోపులాట ఆగిపోయింది. పక్క సైటువాళ్లు వచ్చి చూసిపోయారు. నా జీవితంలో నేను కనిపెట్టిన వస్తువు అదొక్కటే.

కరోనా పోయింది. పాదాల గుర్తులు అరిగిపోయాయి. బోనులో మళ్లీ ఇరవై మంది ఎక్కుతున్నారు. టోకెన్లు మాత్రం పోలేదు. పైగా గ్యాంగుల చేతుల్లోంచి సత్తిబాబు జేబులోకి చేరాయి. ఇప్పుడు దిగాలంటే ఆయన్ని అడగాలి. మనవళ్లున్న మనుషులు కూడా ఒక్క వేలు చూపించి నిలబడేవారు. "ఇప్పుడా? స్లాబు అయ్యాక చూద్దాం," అనేవాడాయన. ఆయన్ని రాక్షసుడిగా రాయను. ఆయన నెత్తిన ఆరు రోజులకో స్లాబు కూర్చుంది. ఆయన కూడా తాగేవాడు కాదు, ఏడాదికోసారి కిడ్నీ రాయితో మెలికలు తిరిగేవాడు. కానీ మనుషుల అవసరాన్ని జేబులో వేసుకోవడానికి ఇవేవీ కారణాలు కావు.

మరి నేను? టోకెన్ లేనివాణ్ని ఎక్కించుకునేవాణ్ని కాదు. నా పద్ధతి నేనే చెడగొట్టుకుంటానా అనుకునేవాణ్ని.

నలభై ఒకటో అంతస్తు

అది రెండువేల ఇరవై రెండు, ఆగస్టు. గాలిలో చెమ్మ ఎంతుందంటే అద్దాలు తుడిచిన నిమిషంలో మళ్లీ మసకబారేవి. ఎండాకాలంలో పన్నెండున్నర నుంచి మూడు దాకా బయటి పని ఆపాలని చట్టం ఉంది. మంచి చట్టం, మా సైటులో పాటించేవాళ్లు కూడా. అయితే తొమ్మిదింటి ఎండ కూడా ఎండే. పన్నెండున్నరకు ఆపాలి కదా అని, ఆలోపే రోజు పనంతా పిండుకునేవాళ్లు.

పదిన్నరకు నలభై ఒకటిలో గంట మోగింది. తలుపు తీస్తే పోశెట్టి. ముఖం ఎర్రగా ఉంది, చెమట లేదు. చెమట లేకపోవడం నేను చూశాను. చూసి కూడా నా చూపు అతని చేతుల మీదికే పోయింది.

"టోకెన్ ఏది తమ్మీ?"

"సత్తిబాబు సార్ కింది స్లాబుల ఉన్నడు కాకా. జర పోనియ్యి. పిక్కలు పట్టుకుంటున్నయ్."

"ఒకణ్ని ఇడిస్తే పది మంది వస్తరు. అడిగి తెచ్చుకో."

"గిప్పుడు ఆయన్నేడ ఎతుకుదు?"

"నాకేం తెలుసు? ప్లాస్టరు బస్తాలున్నయ్ లోపల, సూడు."

పోశెట్టి బస్తాలను చూశాడు, నన్ను చూశాడు. "సరే కాకా. ఒంటెకేం అయితది," అని నవ్వి వెనక్కి తిరిగాడు. అడుగులు తడబడ్డాయి. అదీ చూశాను. తలుపు వేశాను.

బస్తాలు దించడానికి ముప్పై ఐదులో ఆగాను. అక్కడ కుర్రాళ్లు దించుతుంటే, పోశెట్టి నవ్వు నా కళ్ల ముందు నుంచి పోలేదు. అంత ఎండలో చెమట పట్టని మనిషికి వడదెబ్బ తగిలినట్టేనని సేఫ్టీ బోర్డు మీద బొమ్మతో సహా ఉంది. ఆ బోర్డు అక్షరం అక్షరం చదివినవాణ్ని నేను. సగం బస్తాలు లోపల ఉండగానే తలుపు వేసి పైకి పోనిచ్చాను.

వాకీటాకీలో సత్తిబాబు. "ఏవండీ ఎల్లయ్యగారూ, లోడు దించకుండా ఎక్కడికండీ?"

"పోశెట్టిని దించనీకి."

"ఎవరు పంపారండీ? టోకెన్ నేనివ్వలేదే."

నేను పిడి పైకే తిప్పి పట్టుకున్నాను. ఇరవై నాలుగేళ్లలో ఫోర్‌మన్ అడిగితే జవాబివ్వకపోవడం అదే మొదలు.

పోశెట్టి కాలమ్ రాడ్ల పక్కన పడి ఉన్నాడు. కాళ్లు కొయ్యల్లా బిగుసుకున్నాయి. నన్ను గుర్తుపట్టలేదు. అతని గ్యాంగు కుర్రాడొకడు, నేను కలిసి మోసి బస్తాల మీదే పడుకోబెట్టాం. క్యాన్‌లో ఐసు నీళ్లు మీద పోస్తూ దిగాం. కింద అంబులెన్సు వచ్చేసరికి పదకొండు దాటింది.

ఖాదర్ ఫోను

ఆ ఆస్పత్రిలో నాకు ఒక మనిషి ఉన్నాడు. కడప ఖాదర్ భాయ్. ఒకప్పుడు బర్ దుబాయ్‌లో ఒకే గదిలో పై మంచం కింది మంచం మాది. ఇప్పుడు ఆ వార్డులో రోగుల్ని తోసుకెళ్లే పని. సాయంత్రం ఆయనే ఫోను చేశాడు.

"ఎల్లన్నా, మీవోనికి ఒంటేలు బంద్ అయిపోయినాదప్పా. సంచీ కట్టినారు, సుక్క గూడా పడలే. డాక్టరమ్మ అడుగుతాంది, పొద్దున్నుంచి క్యాంపులోనే వాంతులంట గదా, ఏం తిన్నాడని."

"క్యాంపులనా? ఎవరు చెప్పిన్రు?"

"మీ కంపెనీవాళ్లు తెచ్చిన కాగితంలో అట్లే రాసిండారు."

క్యాంపంటే కంపెనీ మాకిచ్చిన బస. నాకు ఒళ్లు మండిపోయింది. "రాసింది అబద్ధం ఖాదర్ భాయ్. ఆమెకు చెప్పు. పొద్దుగాల నాలుగింటికి చాయ్ తాగిండు. మల్ల చుక్క మింగలే. ఆరు నుంచి ఎండల రాడ్లు కట్టిండు. ఇయ్యాల ఒక్కరోజు గాదు, ఏండ్ల సంది ఇదే పని."

"మింగకుండా ఎట్లప్పా?" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పించింది ఇది: ఎండకూ కష్టానికీ కండలు చితికి, ఆ విషం కిడ్నీలకు పట్టింది. సెలైన్లు ఎక్కిస్తున్నారు. మూడు రోజుల్లో మూత్రం మొదలైతే బతికి బయటపడతాడు. మొదలు కాకపోతే మిషను పెట్టాలి. ఆ తర్వాత కిడ్నీలు తిరిగి వస్తాయో రావో ఆమె చెప్పలేనంది.

కాగితం

తెల్లవారి సత్తిబాబు ఒక కాగితంతో హాయిస్ట్ దగ్గరికి వచ్చాడు. "చదివి సంతకం పెట్టండి," అన్నాడు. చదివాను. పోశెట్టి అనే కార్మికుడు ఆ రోజు హాయిస్ట్ దగ్గరికి రాలేదు, దిగుతానని ఎవరినీ అడగలేదు, అతనికి క్యాంపులోనే ఒంట్లో బాగాలేదు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, ఒక్క అక్షరం తప్పు లేదు.

"ఇది జరగలే సార్."

"మీక్కూడా మంచిదే కదండీ. టోకెన్ లేదని ఆపింది మీరేగా. ఇలా ఉంటే ఎవరి మీదకీ రాదు."

అది నిజం. ఆ కాగితం నన్ను కూడా కాపాడుతుంది. నాకు అప్పటికి అరవై దాటింది, వీసా రెన్యువల్ కంపెనీ దయ. పెన్ను జేబులోంచి తీశాను కూడా. దాచకుండా చెబుతున్నాను, ఓ నిమిషం పాటు పెట్టేద్దామనే అనుకున్నాను.

"ఆపింది నేనే. గదే రాయాలె," అన్నాను చివరికి.

"రాస్తే ముందు మీ కార్డే పోద్దండీ."

"పోనియ్యుండ్రి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "వాడికి ఎలా ఉందండీ?" అన్నాడు. "ఇంకా రాలేదు సార్," అన్నాను. అర్థమైంది ఆయనకు.

ఆ మధ్యాహ్నం బ్రేకులో రెండు పేజీలు నా చేత్తో రాశాను. పెద్ద అక్షరాలు, బడిపిల్లవాడి ఇంగ్లీషు. టోకెన్ ఎవరు కనిపెట్టారో, ఎవరి జేబులోకి పోయిందో, క్యాన్లు ఎందుకు నిండుగా దిగుతాయో, పదిన్నరకు ఎవరు ఎవర్ని ఆపారో. దాన్ని మా కంపెనీకి ఇవ్వలేదు, కంపెనీ పనిని తనిఖీ చేసే కన్సల్టెంటు తరఫు సేఫ్టీ ఇంజినీరుకు ఇచ్చాను. ఈజిప్టు మనిషి, ముక్కుసూటివాడు. చదివి లేచాడు. "యల్లా, పద," అని బోనులోకి వచ్చి ప్రతి ఐదో అంతస్తులో ఆపించాడు. ప్రతి చోటా ఒకే ప్రశ్న: చివరిసారి నీళ్లు ఎప్పుడు మింగావు? మొదట అందరూ తాగామనే అన్నారు. ముప్పై ఎనిమిదిలో ఒక పంజాబీ తాపీమేస్త్రీ నోట్లో ఉన్న నీళ్లు ఆయన ముందే ఉమ్మి, "ఇలా తాగుతాం సాబ్," అన్నాడు. ఆ తర్వాత ఎవరూ దాచలేదు.

నా కార్డు ఆ సాయంత్రమే తీసుకున్నారు. విచారణ అయ్యేదాకా క్యాంపులో కూర్చోమన్నారు.

ఎదురుచూపు

అల్ కుసైస్ క్యాంపులో ఆ రెండు రోజులు ఒకే మాట. డ్యూటీ నుంచి వచ్చినవాడు బూట్లు విప్పకముందే నా గది తలుపులో తల పెట్టి, "పోసిండా?" అనేవాడు. "లే," అనేవాణ్ని. వంటగదిలో పప్పు కలిపేవాళ్లు, బట్టలు ఆరేసేవాళ్లు, పక్క బ్లాకు పాకిస్తానీలు సైతం, "ఆయా క్యా?" అని అడిగేవారు. ఒక మనిషి ఉచ్చ కోసం నాలుగు వందల మంది కాచుకుని కూర్చోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఊళ్లో అతని భార్యకు మాత్రం జ్వరమని చెప్పాం. అదీ తప్పేనేమో.

మూడో రోజు సాయంత్రం ఖాదర్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కాను.

"ఎల్లన్నా, మీవోడు పోసినాడప్పా. కొంచెమే. చాయ్ రంగు. డాక్టరమ్మ నవ్వింది."

గదిలో ఉన్న ఏడుగురం ఒకర్నొకరం చూసుకున్నాం. తర్వాత ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరండాలోకి పాకింది, మెట్ల మీదుగా కింది బ్లాకుకు పోయింది. నేను మంచం మీద కూర్చుని ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

పదిహేను రోజులకు నా కార్డు తిరిగి ఇచ్చారు. ఆలోపే ప్రతి పదో అంతస్తులో ప్లాస్టిక్ మరుగుదొడ్లు వచ్చాయి. వాటిని ఎక్కించిన హాయిస్ట్ నాదే అయ్యుంటే బాగుండేది, అప్పటికి ఇంకొకడు నడుపుతున్నాడు. టోకెన్లు రద్దయ్యాయి. సత్తిబాబును ఇంకో సైటుకు మార్చారు. క్యాంపు కథ రాయించిన పైవాళ్లకు ఏమీ కాలేదు. అది నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. ఆ తర్వాత రెండేళ్లు నడిపి పని మానేశాను. ఇప్పుడు దుబాయ్ పక్కనే రోలాలో మా అల్లుడి దర్జీ దుకాణంలో కూర్చుని ఇది రాస్తున్నాను.

కార్డు మెడలో వేసుకున్న తమ్ముళ్లారా, మీకు చెప్పేది ఇంతే. తలుపు దగ్గరికి వచ్చిన మనిషి చేతుల్లో ఏముందో తర్వాత చూడండి, ముందు ముఖం చూడండి. దిగుతానంటే దింపండి. ఎందుకని అడగొద్దు. మీరు మంచి పద్ధతి ఒకటి కనిపెడితే, అది ఎవరి జేబులోకి పోతుందో కనిపెట్టుకుని ఉండండి.

ఆస్పత్రికి నేను ఆరో రోజు పోగలిగాను. ఆ పొద్దునే పోశెట్టికి సంచీ తీసేశారు. ఇక సొంతంగా పోయాలి, ఎంత పోశాడో కొలవాలి. నర్సమ్మ గీతలున్న జగ్గు ఒకటి అతని చేతికిచ్చి బాత్రూంలోకి పంపింది. ఖాదర్ భాయ్, నేను బయట నిలబడ్డాం. నేను అతనికి చెప్పాలనుకున్న మాటలు దారంతా కూర్చుకుని వచ్చాను. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత వినబడింది. ఖాదర్ భాయ్ నా భుజం నొక్కాడు.

పోశెట్టి జగ్గు రెండు చేతులా పట్టుకుని మెల్లగా బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు, నవ్వు మాత్రం అదే. నర్సమ్మ గీత చూసి రాసుకుంది.

"తమ్మీ, ఆ రోజు నేను నిన్ను," అని మొదలుపెట్టాను.

"క్యాంపు మొత్తానికి నా ఉచ్చ ముచ్చటే చెప్పినవట గద కాకా," అన్నాడు. జగ్గు నా ముఖం దాకా ఎత్తి చూపించాడు. "సూడు. సరిపాయెనా, ఇంక గావాల్నా?"

"చాలు తమ్మీ," అన్నాను. "ఖలాస్. చాలు."